సింథటిక్ పోశాక మొదలైన లీకు: ఒక పాత పెట్రోల్ కారు కేసు

పాత బండికి సింథటిక్ ఆయిల్ పోయొచ్చా, పోస్తే సీళ్లు పోతాయా అన్న ప్రశ్న మా వర్క్‌షాప్‌లో తరచూ వినిపిస్తుంది. అడిగేవాళ్లు చాలామంది అప్పటికే ఒక అభిప్రాయంతో వస్తారు. కొందరికి సింథటిక్ అంటే ఇంజిన్‌కు అమృతం, ఇంకొందరికి అది పాత ఇంజిన్ పాలిట విషం. ఈ రెండు నమ్మకాలూ ఒకే బండి మీద ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగం అయిన కేసు ఇది. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో తోటి మెకానిక్‌లకూ, పాత బండిని ప్రేమగా చూసుకునే యజమానులకూ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. బండి మోడల్, యజమాని వివరాలు, అంతకుముందు పని చేసిన వర్క్‌షాప్ పేరు కావాలనే వదిలేశాను.

నేపథ్యం

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, టైమింగ్ బెల్టు, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు. టర్బో లేదు. వయసు ఇరవై ఏళ్లు దాటింది, మీటరు 2 లక్షల కిలోమీటర్లు దాటింది. మొదటి యజమాని దగ్గర బండి దాదాపు మొత్తం కాలం 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ మీదే నడిచింది. సర్వీసు పుస్తకం మొదటి సగంలో ఆయిల్ మార్పులు క్రమం తప్పకుండా ఉన్నాయి. తర్వాత ఖాళీలు కనిపిస్తాయి. అమ్మేముందు బండి చాలాకాలం కదలకుండా నిలబడి ఉంది. ఆయిల్ మార్పుల్లో ఖాళీలు, నిలబడిన కాలం: ఈ రెండు వాక్యాలూ తర్వాత కేసు అంతటికీ తాళంచెవి అయ్యాయి, కానీ బండి చేతులు మారినప్పుడు ఎవరూ వాటిని పట్టించుకోలేదు.

బండితో వచ్చిన పుస్తకంలో ఆయిల్ ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌జీ లేదా అంతకంటే పై స్థాయిది కావాలని, గ్రేడ్‌ను బయటి ఉష్ణోగ్రతను బట్టి ఎంచుకోవాలని ఉంది. పట్టికలో 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 ఎక్కువ భాగం ఆక్రమించాయి. 5డబ్ల్యూ-30 ఉంది గానీ బాగా చలి ఉన్నచోటికే. ఆ గ్రేడ్‌తో ఎక్కువసేపు అతివేగంగా నడపొద్దని కింద ఒక హెచ్చరిక కూడా ఉంది.

రెండో యజమాని బండిని ఇష్టపడి కొన్నారు. వారమంతా ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు, అప్పుడప్పుడు హైవే మీద దూర ప్రయాణం. కొన్న వెంటనే మంచి ఆయిల్ పోయించాలనుకున్నారు. దుకాణంలో ఉన్నవాటిలో ఖరీదైనది, ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30, పోయించారు. మొదటి వారం ఇంజిన్ చాలా మృదువుగా, చురుగ్గా నడిచిందని ఆయనే చెప్పారు. తర్వాత బండి నిలిపిన చోట నేల మీద ఆయిల్ మరకలు మొదలయ్యాయి. డిప్‌స్టిక్ మీద లెవెల్ పడిపోతూ వచ్చింది. ఉదయం స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగేది. ఒకసారి హైవే నుంచి దిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు మిణుకుమంది. ఆయనకు అసలు టెన్షన్ అక్కడే మొదలైంది.

దగ్గర్లోని వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే, సింథటిక్ వల్ల సీళ్లు పాడయ్యాయని తేల్చారు. లోపలి మడ్డిని కడిగే ఇంజిన్ ఫ్లష్ పోసి, ఆయిల్ దించి, 20డబ్ల్యూ-50 మినరల్ పోశారు. దాంతోపాటు లీకులు ఆపే మందు ఒక సీసా కలిపారు. కొన్ని వారాలు లీకు తగ్గింది. ఆయిల్ లైటు మళ్లీ వెలగలేదు. కానీ ఉదయం ట్యాపెట్ల చప్పుడు అంతకుముందు లేనంత గట్టిగా, చాలాసేపు వినిపించడం మొదలైంది. పొగ తగ్గలేదు. మెల్లగా లీకు కూడా తిరిగొచ్చింది.

మా దగ్గరికి వచ్చినప్పుడు

ఆయన అడిగింది సూటిగానే ఉంది: "సింథటిక్ వల్లే బండి పాడైందా, లేదా చెప్పండి. ఇకముందు ఏ ఆయిల్ పోయాలో కూడా చెప్పండి."

రెండో ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం తేలిక. కానీ ఆ స్థితిలో ఏ ఆయిల్ పేరు చెప్పినా అది ఊహే అవుతుంది. ఆ బండిలో అప్పటికే ఎన్నో విషయాలు ఒకేసారి మారిపోయాయి. మినరల్ నుంచి సింథటిక్‌కు మారినప్పుడే 40 గ్రేడ్ నుంచి 30కి కూడా మారింది. తిరిగి మినరల్‌కు వచ్చినప్పుడు 30 నుంచి ఏకంగా 50కి వెళ్లింది, మధ్యలో ఫ్లష్, పైన మందు. లీకు పెరిగినా తగ్గినా దేనివల్లో చెప్పే వీలు లేదు.

ఇక్కడ ఆగి ఒక విషయం వివరించాలి, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే సింథటిక్, మినరల్ అన్న మాటలు మూలనూనె గురించి చెబుతాయి. 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 అన్నవి చిక్కదనం గురించి: డబ్ల్యూ ముందున్న అంకె చలిలో, తర్వాతి అంకె (దాన్నే ఇక్కడ గ్రేడ్ అంటున్నాను) వేడిలో. ఏపీఐ, ఏసీఈఏ గుర్తులు ఆ నూనె ఏ పరీక్షలు నెగ్గిందో చెబుతాయి. మూడూ వేర్వేరు సంగతులు.

మూలనూనెలను ఏపీఐ ఐదు గ్రూపులుగా విభజిస్తుంది. 1, 2, 3 గ్రూపులు ముడిచమురు నుంచి శుద్ధి చేసినవి, నాలుగోది రసాయనికంగా తయారుచేసే పీఏఓ (పాలీఆల్ఫాఓలెఫిన్), మిగతావన్నీ ఐదో గ్రూపు. మూడో గ్రూపు నూనెను హైడ్రోజన్‌తో అధిక ఒత్తిడిలో ఎంతగా మారుస్తారంటే, వేడికి చిక్కదనం ఎంత తక్కువ మారుతుందో చెప్పే దాని చిక్కదన సూచిక 120, అంతకంటే పైన ఉంటుంది. దాన్ని సింథటిక్ అని ప్రకటించుకోవడం తప్పు కాదని 1999లో అమెరికాలో ప్రకటనల వివాదాలు చూసే సంస్థ తేల్చింది. అప్పటినుంచి చాలాచోట్ల సింథటిక్ పేరుతో దొరికే ఆయిళ్లలో మూడో గ్రూపు నూనెలే ఎక్కువ. కాబట్టి సింథటిక్ అనే ఒక్క మాటను బట్టి అది సీళ్లతో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం.

చిక్కదనం సంగతి అలా కాదు, అది కొలిచి రాసిన అంకె. ఎస్‌ఏఈ జే300 ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడ్ నూనె 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. 150 డిగ్రీల దగ్గర, బేరింగుల్లో నూనె నలిగే పరిస్థితిలో కొలిచే చిక్కదనం 30 గ్రేడ్‌కు కనీసం 2.9 మిల్లీపాస్కల్-సెకన్లు ఉంటే చాలు. 15డబ్ల్యూ-40కి 3.7 ఉండాలి. ఈ బండిలో హైవే తర్వాత ఐడ్లింగ్‌లో లైటు మిణుకుమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ తేడానే. అదే మూలనూనెతో 5డబ్ల్యూ-40 పోసి ఉంటే కథ వేరుగా ఉండొచ్చు.

మరి పాత బండికి సింథటిక్ పోస్తే లీకులొస్తాయన్న నమ్మకం ఎక్కడిది? దానికీ ఒక ఆధారం ఉంది. పాత మినరల్ నూనెల్లో ఉండే ఆరోమాటిక్ పదార్థాలు రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బిస్తాయి. పీఏఓ ఒక్కటే అయితే ఉబ్బించదు, కొన్ని రబ్బర్లను కొద్దిగా కుంచింపజేస్తుంది కూడా. 1970ల నాటి తొలి సింథటిక్‌లతో ఈ ఇబ్బంది వచ్చింది. తర్వాత ఎస్టర్లు, ఇతర పదార్థాలు కలిపి దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు సీలు రబ్బర్లతో పడుతుందా లేదా అన్నది ప్రమాణాల్లోనే ఒక పరీక్ష. అయినా గట్టిపడిపోయిన సీలు ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ మార్చాక లీకు బయటపడటం నిజంగా జరుగుతుంది. అక్కడ సీలు అప్పటికే పని మానేసి ఉంటుంది. పేరుకున్న మడ్డి ఆ సందును పూడ్చి ఉంచుతుంది, డిటర్జెంట్లు బలంగా ఉన్న కొత్త ఆయిల్ ఆ మడ్డిని కరిగిస్తుంది.

ఆయిల్ ఎటు పోతోంది

అందుకే ఆయిల్ మార్చే ముందు, ఉన్న ఆయిల్ ఎటు పోతోందో తేల్చుకోవాలనుకున్నాం. ఇంజిన్ నుంచి ఆయిల్ పోయే ముఖ్యమైన దారులు మూడు: బయటికి కారడం, వాల్వ్ గైడుల నుంచి కిందికి జారి కాలిపోవడం, పిస్టన్ రింగుల పక్క నుంచి పైకి వచ్చి కాలిపోవడం. మూడింటికీ చికిత్స వేరు. రింగులు పోయిన ఇంజిన్‌కు ఏ డబ్బా పోసినా ప్రయోజనం లేదు, ఆ మాట ముందే యజమానికి చెప్పాలి.

ఇంజిన్ బయట మొత్తం కడిగి, ఆయిల్‌లో యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) కలిపి, రెండు మూడు రోజులు మామూలుగా నడిపించమన్నాం. తర్వాత యూవీ లైటుతో చూస్తే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ చుట్టూ, క్యామ్ సీలు దగ్గర స్పష్టంగా మెరిసింది. వెనక క్రాంక్ సీలు దగ్గర చెమర్చినట్టు తడి కనిపించింది.

కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ కంపెనీ హద్దుకు పైనే ఉంది, వాటి మధ్య తేడా కూడా తక్కువే. ప్లగ్ రంధ్రంలో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే చెప్పుకోదగ్గ పెరుగుదల రాలేదు. రింగులు పోయి ఉంటే ఆ తడి పరీక్షలో అంకె ఎగబాకుతుంది. పొగ తీరు కూడా దీనికి సరిపోయింది. రాత్రంతా నిలబడ్డాక స్టార్ట్ చేస్తే, దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కితే నీలం పొగ. నిలకడగా లాగుతున్నప్పుడు పొగ లేదు. థ్రాటిల్ మూసినప్పుడు ఇన్‌టేక్‌లో పుట్టే పీల్పు వాల్వ్ గైడుల నుంచి ఆయిల్‌ను లాగుతుంది. కాబట్టి వాల్వ్ సీళ్ల మీద అనుమానం బలపడింది.

ఆ తర్వాత ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీసి, ఆ నోటి మీద పల్చటి కాగితం పెట్టాం. ఈ రకం పీసీవీ (ఇంజిన్ లోపలి గ్యాస్‌ను బయటికి లాగే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే కాగితాన్ని మెల్లగా లోపలికి పీల్చుకోవాలి. ఇక్కడ కాగితం పైకి లేచింది. కేసు మలుపు తిరిగింది ఇక్కడే. రింగులు బాగున్న ఇంజిన్‌లో కూడా కొంత గ్యాస్ పిస్టన్ల పక్క నుంచి చాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంది. దాన్ని పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు ఇన్‌టేక్‌లోకి పంపాలి. విప్పి చూస్తే వాల్వ్ ఇరుక్కుపోయి ఉంది, పైపు లోపల జిడ్డు గట్టిపడి సన్నటి సందే మిగిలింది. బయటికి పోలేని గ్యాస్ లోపల ఒత్తిడి పెంచుతుంది, ఆ ఒత్తిడి ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను నెడుతుంది. చిన్న ప్రయాణాలు దీన్ని ఇంకా పెంచుతాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తే నీటి ఆవిరి, కాలని పెట్రోల్ ఆయిల్‌లోనే ఉండిపోయి మడ్డికి దారితీస్తాయి.

ఆయిల్ ప్రెషర్‌ను డాష్‌బోర్డు లైటును నమ్మకుండా మెకానికల్ గేజ్ బిగించి చూశాం. ఆయిల్ 80 డిగ్రీలకు చేరాక 2000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 2 బార్ ఉండాలని ఈ ఇంజిన్ లెక్క. 20డబ్ల్యూ-50 ఉన్నా ప్రెషర్ ఆ హద్దుకు కాస్త పైనే నిలిచింది. అంత చిక్కటి ఆయిల్‌తో ఇంకా బాగా ఎక్కువ రావాలి. అంటే పంపు అరిగి ఉండాలి, బేరింగులు వదులై ఉండాలి, లేదా పంపుకు ఆయిల్ సరిగా అందకపోతూ ఉండాలి. మొదటి రెండూ పెద్ద పనులు, మూడోది చాంబర్ దించితే తెలిసిపోతుంది. ఫ్లష్ పోశారన్న సంగతి కూడా తెలుసు కాబట్టి చాంబర్ దించుదామని యజమానిని ఒప్పించాం.

పంపు ఆయిల్‌ను లాగే చోట ఉండే స్ట్రైనర్ జాలి దాదాపు సగం మూసుకుపోయి ఉంది. నల్లటి మడ్డి పొరలు, వాటితో పాటు ఎప్పుడో ప్యాకింగ్‌కు ఎక్కువగా పూసిన సిలికాన్ సీలెంట్ పోగులు. ఇందులో ఫ్లష్ ఊడగొట్టింది ఎంత, ముందునుంచీ ఉన్నది ఎంత అని విడదీయలేం. కానీ ఉదయం చప్పుడుకు అర్థం దొరికింది. సగం మూసుకున్న జాలి గుండా చల్లటి 20డబ్ల్యూ-50ను లాగాలంటే పంపు కష్టపడాలి, పైనున్న హైడ్రాలిక్ ట్యాపెట్లకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

మొదటి నిర్ణయం: పాత గ్రేడ్‌కే తిరిగి వెళ్లడం

స్ట్రైనర్, చాంబర్ శుభ్రం చేశాం. పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కొత్తవి వేశాం. ఆయిల్ మాత్రం మామూలు 15డబ్ల్యూ-40 మినరల్ పోశాం. యజమాని ఆశ్చర్యపోయారు. ఇంత పని చేశాక మంచి ఆయిల్ పోయకూడదా అని అడిగారు.

నా ఆలోచన ఇది. ఈ ఇంజిన్ ఎక్కువకాలం ఏ గ్రేడ్ మీద ఆరోగ్యంగా నడిచిందో అదే మన కొలబద్ద కావాలి. దానిమీద ఏమేం మిగులుతాయో చూస్తే, ఆయిల్‌తో సంబంధం లేని లోపాలు విడిగా బయటపడతాయి. పైగా లోపల ఇంకా మడ్డి మిగిలి ఉంది. ఈ మొదటి విడత ఆయిల్‌ను త్వరగా దించేస్తాం, దానికి ఖరీదైన నూనె వృథా. మళ్లీ ఫ్లష్ వేయలేదు. మడ్డి బాగా ఉన్న ఇంజిన్‌లో ఫ్లష్ వేస్తే ముక్కలు ఒక్కసారిగా ఊడతాయి, అవి చేరేది స్ట్రైనర్‌కే. త్వరత్వరగా ఆయిల్, ఫిల్టర్ మార్చడం నిదానమే గానీ భద్రం. లీకులు ఆపే మందు కూడా వద్దన్నాను. అవి రబ్బరును మెత్తబరిచి ఉబ్బిస్తాయి. అది కొన్నాళ్లు పనిచేయొచ్చు, కానీ గట్టిపడి పగిలిన సీలును బాగుచేయదు. మంచిగా ఉన్న సీళ్లను కూడా అది వదలదు.

ఫలితం వెంటనే కనిపించింది. కాగితాన్ని ఇంజిన్ లోపలికి పీల్చుకుంది. వెనక క్రాంక్ సీలును మేం ముట్టుకోలేదు, అయినా అక్కడి తడి ఆగిపోయింది. ఆ సీలు కోసం గేర్‌బాక్స్ దించాలి, అందుకే తొందరపడలేదు. అక్కడ కారణం ఒత్తిడే తప్ప సీలు కాదు. ప్రెషర్ 15డబ్ల్యూ-40తోనే అంతకుముందు 20డబ్ల్యూ-50తో వచ్చినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. పంపు, బేరింగుల గురించిన భయం అక్కడితో తీరింది.

సరిపోనివి కూడా ఉన్నాయి. క్యామ్ సీలు ఇంకా కారుతోంది. పొగ అలాగే ఉంది. లెవెల్ పడిపోవడం తగ్గింది గానీ ఆగలేదు. ఉదయం చప్పుడు తక్కువసేపే వినిపించినా పూర్తిగా పోలేదు. ఫిల్టర్ కోసి చూస్తే, ముందు వేసిన చవక ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు రేకు బిరుసెక్కిపోయి ఉంది. సిలికాన్ రేకు ఉన్న ఫిల్టర్ వేశాక స్టార్ట్ చేసిన మొదటి క్షణాల చప్పుడు తగ్గింది. అయినా చలిగా ఉన్న ఉదయాల్లో ట్యాపెట్లు కాసేపు మోగుతూనే ఉన్నాయి.

సీళ్ల పని

క్యామ్ సీలు తీస్తే దాని పెదవిలో గోరు దిగలేదు. ఇరవై ఏళ్ల వేడి, పైగా కదలకుండా నిలబడ్డ కాలం. షాఫ్టు మీద చిన్న గాడి పడి ఉంది, అందుకే కొత్త సీలును ఆ గాడి మీద పెదవి పడకుండా కొద్దిగా ముందుకు కూర్చోబెట్టాం. టైమింగ్ బెల్టు ఎలాగూ విప్పాం కాబట్టి దాన్నీ మార్చేశాం.

వాల్వ్ సీళ్లను హెడ్ దించకుండానే మార్చాం. ప్లగ్ రంధ్రం నుంచి గాలి ఒత్తిడి ఎక్కించి వాల్వులను పైకి నిలిపి, స్ప్రింగులు తీసి, పాత సీళ్లు లాగేశాం. వాటిలో కొన్ని చేతిలోనే విరిగాయి. వాటి స్థానంలో వేడిని ఎక్కువ తట్టుకునే ఎఫ్‌కేఎం రబ్బరు సీళ్లు వేశాం. హెడ్ దించి గైడులు కూడా మార్చే ఆలోచన వచ్చింది. కానీ వాల్వును పట్టుకుని పక్కకు కదిపితే ఆట హద్దులోనే ఉంది, కంప్రెషన్ బాగుంది. అక్కడ ఆగడమే సరైనదనిపించింది. దీని తర్వాత పొగ పోయింది. వెయ్యి కిలోమీటర్లకు డిప్‌స్టిక్ మీద పడిపోయే లెవెల్ పాత ఇంజిన్‌కు సహజం అనుకునే స్థాయికి వచ్చింది. చాలా కంపెనీల పుస్తకాలు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు, కొన్ని లీటరు వరకు కూడా ఒప్పుకుంటాయి. ఈ బండి దానికి చాలా దూరంలో ఉంది.

ఇప్పుడు ఆయిల్ ప్రశ్న

యజమాని మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే వీలు ఇప్పుడు వచ్చింది. మా ముందు మూడు దారులున్నాయి: 15డబ్ల్యూ-40 మినరల్‌లోనే ఉండిపోవడం, 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్, 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్. 30 గ్రేడ్ ఆయిళ్లను నేను లెక్కలోకే తీసుకోలేదు. ఈ ఇంజిన్ బేరింగుల ఖాళీలు నలభై గ్రేడ్‌కు సరిపోయేలా ఉన్నాయి, పుస్తకం కూడా అదే చెబుతోంది. ఇంధనం ఆదా కోసం పలుచటి ఆయిళ్లను ఆ ఆయిళ్లకు తగ్గట్టు తయారైన ఇంజిన్లలో వాడాలి.

మొదట 10డబ్ల్యూ-40 పోసి చూశాం. మినరల్, సింథటిక్ కలిస్తే గడ్డకడుతుందన్న భయం యజమానికి ఉంది. ఏపీఐ గుర్తింపు ఉన్న ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవగలవని పరీక్షలో నిరూపించుకోవాల్సిందే, ఇంజిన్‌లో మిగిలిన పాత ఆయిల్‌తో ఏ ప్రమాదమూ లేదని చెప్పాం. అయితే సగం ఇది, సగం అది పోసి నడిపితే రెండింటి గుణాలూ పలుచబడతాయి, లాభం లేదు. 10డబ్ల్యూ-40తో లీకు రాలేదు, పొగ రాలేదు, ఉదయం చప్పుడు ఇంకొంచెం తగ్గింది. ఇక్కడే ఆగినా ఎవరూ తప్పు పట్టలేరు.

తర్వాతి విడత 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్ పోశాం. ఏసీఈఏ ఏ3/బీ4 గుర్తు ఉన్నదాన్నే ఎంచుకున్నాం, ఎందుకంటే ఆ గుర్తు ఉంటే 150 డిగ్రీల దగ్గర చిక్కదనం కనీసం 3.5 ఉంటుందన్న హామీ ఉంది. ఇది ఆయిల్ ఎంపిక మాత్రమే కాదు, మొదటి ప్రశ్నకు పరీక్ష కూడా. సీళ్లను పాడుచేసింది సింథటిక్కే అయితే, మేం ముట్టుకోని వెనక క్రాంక్ సీలు ఇప్పుడు మళ్లీ కారాలి. మళ్లీ డై వేసి చూశాం. సీలు పొడిగానే ఉంది. వేడెక్కాక ప్రెషర్ 15డబ్ల్యూ-40తో వచ్చిన అంకెకు గేజ్ మీద తేడా పట్టలేనంత దగ్గరగా ఉంది. ఉదయం చప్పుడు దాదాపు పోయింది.

ఈ చివరి ఆయిల్‌నే కొనసాగించమని చెప్పాను. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఈ ఇంజిన్ వారమంతా చల్లగా స్టార్టయి, వేడెక్కేలోపే ఆగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు త్వరగా పారే ఆయిల్ దీనికి ప్రతిరోజూ ఉపయోగం. రెండోది, లోపల గతంలో మడ్డి పేరుకున్న ఇంజిన్ ఇది. ఆక్సీకరణను తట్టుకునే నూనె మళ్లీ పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ముఖ్యంగా రింగుల గాడుల్లో.

సింథటిక్ అనగానే అందరూ ఆశించే మూడో లాభాన్ని మాత్రం ఈ బండికి ఇవ్వలేదు. ఎక్కువ కిలోమీటర్లకు ఒకసారి మార్చొచ్చన్న మాట చిన్న ప్రయాణాల బండికి వర్తించదు. పెట్రోల్, నీటి ఆవిరి ఆయిల్‌లో చేరడానికి మూలనూనె ఏదైనా ఒకటే. కిలోమీటర్లు ఎంత తక్కువైనా ఆరు నెలలకు మార్చాలన్నాను. ఆ లెక్కన ఖర్చు మినరల్ కంటే ఎక్కువే అవుతుంది. ఆ సంగతి యజమానికి ముందే స్పష్టంగా చెప్పాను, ఆయన ఆలోచించుకుని ఒప్పుకున్నారు.

వాడిన ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించవచ్చు కదా అని మా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. మంచి పద్ధతే, కానీ ఈ కేసులో దాని ఫలితం ఏదైనా మా తర్వాతి అడుగు మారదు. బదులుగా దించిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం. మొదటి రెండు విడతల్లో నల్లటి రేణువులు బాగా కనిపించాయి, తర్వాత బాగా తగ్గాయి. లోపలి మడ్డి నిదానంగా వదులుతోందని అదే చెప్పింది.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

లీకుతో వచ్చిన పాత బండికి ఆయిల్ పేరు చెప్పే ముందు మా వర్క్‌షాప్‌లో ఇప్పుడు కాగితం పరీక్ష తప్పనిసరి. దానికి సాధనం అక్కర్లేదు, నిమిషం పని. పీసీవీ మూసుకుపోయిన ఇంజిన్‌కు సీళ్లు మార్చినా అవి మళ్లీ కారతాయి. అప్పుడు కొత్త సీలునో, ఆయిల్‌నో తిడతాం.

ఆయిల్ మార్చితే మూలనూనె ఒక్కటే మార్చండి, లేదా గ్రేడ్ ఒక్కటే మార్చండి. ఈ బండిలో గ్రేడ్ చేసిన నష్టాన్ని మూలనూనె మీద వేశారు. దాన్ని సరిదిద్దడానికి మళ్లీ గ్రేడ్‌నే రెండో వైపుకు అతిగా లాగారు. చిక్కటి ఆయిల్‌తో లైటు ఆగిపోయింది గానీ సగం మూసుకున్న జాలి ఆ లైటు వెనకే దాక్కుంది. అది ఇంకొంచెం మూసుకుని ఉంటే, చల్లటి ఉదయం ఒకటి బేరింగులను తినేసేది. అందుకే లైటు ఆపడం కోసం చిక్కటి ఆయిల్ పోయడం నాకు భయం కలిగిస్తుంది.

పుస్తకంలో ఎస్‌జీ అని ఉంటే అదే దొరకాలని వెతికేవాళ్లున్నారు. 2010లో వచ్చిన ఎస్ఎన్, 2020లో వచ్చిన ఎస్‌పీ వంటి కొత్త స్థాయిలు పాతవాటి స్థానంలో వాడుకునేలా రూపొందినవే, ఇలాంటి ఇంజిన్‌కు అవి సరిపోతాయి. ఒక్క మినహాయింపు గట్టి స్ప్రింగులు, ఫ్లాట్ ట్యాపెట్లు ఉన్న ఇంకా పాత ఇంజిన్లు. క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం 30, 20 గ్రేడ్ ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి మించకుండా కట్టడి చేశారు, అంటే అరుగుదలను ఆపే జింక్ సమ్మేళనం ఆ గ్రేడుల్లో తగ్గింది. అలాంటి ఇంజిన్‌కు సింథటిక్కా మినరలా అనేకంటే జింక్ ఎంత ఉందన్నది ముందు చూడాలి.

తడి కంప్రెషన్ పరీక్షలో అంకెలు ఎగబాకి ఉంటే నా సలహా పూర్తిగా వేరుగా ఉండేది. రింగులు పోయిన ఇంజిన్ ఏ ఆయిల్ పోసినా తాగేస్తుంది, దానికి ఫుల్లీ సింథటిక్ పోయడం యజమాని డబ్బును సైలెన్సర్ నుంచి బయటికి పంపడమే. అప్పుడు 15డబ్ల్యూ-40 మినరల్ పోసి, పీసీవీ బాగుచేసి, వారానికోసారి డిప్‌స్టిక్ చూసి టాప్ అప్ చేసుకుంటూ, ఇంజిన్ పని ఎప్పుడు చేయించాలో ఆయనతో కూర్చుని మాట్లాడేవాణ్ని.